నేల కింద పెట్టిన పలక

మికియె మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు గుమ్మం వైపు చూడనైనా లేదు. నేరుగా పెరట్లోకి వెళ్లి, ఇంకా ఆరని బురదమీద బోర్లా పడుకుని, గోడ అడుగున ఉన్న గాలిరంధ్రానికి ముఖం ఆనించింది. ఎంతసేపటికీ లేవలేదు. మేడమీది కిటికీలోంచి చూసిన మా నానమ్మ ఫుసా, ఆవిడకేమైనా అయిందేమో చూసి రమ్మని నన్ను కిందికి తరిమింది.

నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఏమని అడగాలో తెలియలేదు. కాసేపటికి ఆమే తల తిప్పి, వాసన చూస్తున్నానని చెప్పి, నన్నూ చూడమంది. పడుకుని చూశాను. కుళ్లిన ఆకుల వాసన, దాని వెనకే తుప్పు వాసన. రోజూ ఆ నేలమీదే తిరుగుతున్నాను కానీ దాని కింద అలాంటిది ఉందని నాకు తెలియదు.

జూలై రెండో వారంలో మా ఏరు గట్టు తెంచుకుంది. నీళ్లు నడింట్లో జానెడెత్తు నిలబడి తెల్లారేసరికి తీశాయి. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి సాయం చేశారు. నేలంతా పరిచే మందపాటి తతామి గడ్డిచాపలు నానిపోతే ఒక్కోదాన్ని నలుగురేసి పట్టి వీధిలో పడేశారు, గోడలు కడిగారు, బురద ఎత్తారు. పైకి ఇల్లు శుభ్రమైపోయింది. కానీ మా పాత ఇళ్లు నేలకు ఆనుకుని ఉండవు. రాళ్లమీద పొట్టి స్తంభాలు, వాటిమీద దూలాలు, ఆపైన పలకలు. పలకలకూ మట్టికీ మధ్య మోకాలెత్తు చీకటి. అందులో బురద అలాగే ఉండిపోయింది.

ఆ చీకట్లో పాకి పనిచేయడమే మికియె వృత్తి. యాభై ఎనిమిదేళ్లు. సన్నగా, పొట్టిగా, మగపిల్లాడిలా కత్తిరించిన నెరసిన జుట్టుతో ఉంటుంది. ఊళ్లో చుంచెలుక మికియె అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. తలకి దీపం కట్టుకుని, నేల కిందికి దూరే ముందు ప్రతిసారీ "వస్తున్నానండీ" అని పైకే అనేది. ఎవరితో అంటోందని నేనడగలేదు. కొన్నాళ్లకి తెలిసింది, దూలాలతో.

మా నాన్న యోషినారి బస్సు నడుపుతాడు. మునిగిన ఇళ్లను ప్రభుత్వ ఖర్చుతో పడగొట్టి తీసుకెళ్తామని పురపాలక కార్యాలయం వాళ్లు కాగితాలు పంచితే, ఒకటి తెచ్చి మేడమీది టీ గిన్నెల బీరువా సొరుగులో పెట్టాడు. అక్టోబర్ నెలాఖరులోగా నింపి ఇవ్వాలి. ఇల్లంటే నాన్నకి ఇష్టం లేక కాదు. కింద కుళ్లే ఇంట్లో డెబ్బై తొమ్మిదేళ్ల తల్లిని ఉంచడం ఇష్టం లేక. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను బడి మానేసి అప్పటికి ఏడాదిన్నర. ఆ వేసవంతా ముగ్గురం మేడమీద రెండు గదుల్లో, చిన్న గ్యాసు పొయ్యి మీద వండుకుంటూ ఉన్నాం.

మికియె నేల పలకలు ఊడదీసి, ఒక్కోదాని వెనక సుద్దతో అంకె వేసి, వరండాలో వరసగా నిలబెట్టింది. తర్వాత ఆరు రోజులు బురద ఎత్తింది. లోపల బోర్లా పడుకుని, చిన్న చేటతో బురదను గిన్నెలోకి తోసేది. గిన్నెకు కట్టిన తాడు రెండుసార్లు గుంజితే నేను పైకి లాగేదాన్ని. తర్వాత దూలాల్ని చీపురు కుంచెతో కడిగింది, మందునీళ్లు కొట్టింది, నాలుగు మూలలా పంకాలు పెట్టింది. మధ్యాహ్నాలు తెరిచిన నేల అంచున కాళ్లు వేలాడేసి కూర్చుని, ఉప్పు రేగుపండు పెట్టిన అన్నంముద్ద తినేది. నాకూ ఒకటి చేతిలో పెట్టేది. నేను మాట్లాడకపోయినా ఏమీ అనుకునేది కాదు. నాకది హాయిగా ఉండేది.

గొడవ ఆగస్టు మొదట్లో వచ్చింది.

మా తాతయ్య మార్చిలో పోయాడు. పోయినవాళ్లు ఇంటికొచ్చే బోన్ పండుగ ఆగస్టు పదమూడున. ఆయనకది తొలి బోన్. తొలిసారి వచ్చేవాళ్లు దారి తప్పుతారని చూరుకు తెల్ల దీపం కడతాం. పోయినవాళ్లకి దీపం పెట్టే మా పూజమందసం వెనక గదిలో, వరదప్పుడు ఎక్కించిన బీరుసీసాల పెట్టెల మీదే ఇంకా ఉంది. దాని ముందు కొత్త చాపలు పరచాలని, తాతయ్య వచ్చేసరికి ఇల్లు ఇల్లులా ఉండాలని నానమ్మ పట్టుదల.

"ఏమ్మా మికియె, పదో తారీకుకి పలకలు వేసెయ్. చాపలాయనకి చెప్పేశాను" అంది.

"వెయ్యలేను పెద్దమ్మా. ఆరలేదు. అక్టోబర్ గాలి రావాలి."

"అక్టోబర్‌కి నా మొగుడొస్తాడా? ఆయనొచ్చేది పదమూడున. ఇల్లు వెతుక్కుంటూ వస్తే నడింట్లో గొయ్యి చూపించమంటావా?"

మికియె చేతిలో కుంచె కింద పెట్టి, దూలం మీద కూర్చుంది. తన అత్తగారు కూడా సరిగ్గా ఇదే మాట అందని చెప్పింది. ఇరవయ్యారేళ్ల కిందట ఎగువ లోయలో వాళ్ల ఊరికి వరదొచ్చింది. అప్పుడు మామగారి తొలి బోన్. కొత్తకోడలిగా ఆమే ఇల్లంతా కడిగి, పండక్కి నాలుగు రోజుల ముందే నేల మూయించింది. ఎంత చురుకైన కోడలని ఊరంతా మెచ్చుకున్నారు.

"మూడో ఏడు మా ఆయన దీపం పెడదామని మందసం ముందుకెళ్తే అరికాలు నేలలోకి దిగిపోయింది. కిందికి దూరి చూశాను. స్తంభం చేత్తో పట్టుకుంటే పిండిలా రాలింది. ఇల్లు పడగొట్టేశారు. మా అత్తగారు అద్దెగదిలో పోయారు. పోయేముందు మందసం ఏ దిక్కున ఉందని అడిగారు, మాకే తెలీలేదు."

ఇదంతా ఆమె ఎవరింటి సంగతో చెప్పినట్టు చెప్పింది.

"నీ ఇల్లు వేరు, నా ఇల్లు వేరు. మాది దేవదారు" అంది నానమ్మ.

"మాదీ దేవదారే."

మర్నాడు మికియె అన్నం సంచీలోంచి రెండు చిన్న చెక్కపలకలు తీసింది. బజారులో చేపముద్దను అంటించి అమ్ముతారే, ఆ పలకలు. ముద్ద తినేశాక అందరం పారేస్తాం. ఆమె కడిగి ఆరబెట్టి దాచుకుంటుందట. నానమ్మ వంటింటి త్రాసు మీద రెండూ తూచింది. ముప్పై గ్రాములు, ముప్పై గ్రాములు. ఒకదాన్ని నానమ్మ కరకరలాడే బియ్యపు బిళ్లలు దాచుకునే, చెమ్మ పీల్చే పొట్లం ఉన్న రేకుడబ్బాలో వేసి మూత పెట్టించింది. రెండోదాన్ని మందసం గది కింద, స్తంభం పక్కన రాతిమీద పెట్టింది.

"అయిదో తారీకు పొద్దున మీరే తూచండి పెద్దమ్మా. రెండూ ఒకే బరువుంటే మేకులు నేనే కొడతాను. ఇంక నోరెత్తను" అంది.

అయిదో తారీకున డబ్బాలోది ముప్పై. కిందది ముప్పై అయిదు.

నానమ్మ నమ్మలేదు. ఆ చుంచెలుక నీళ్లలో ముంచి పెట్టిందని నాతో అంది. వెంటనే ఓ పని చేసింది. పలకల్ని తారుమారు చేసింది. డబ్బాలో పొడిగా ఉన్నదాన్ని నాతో కిందికి పంపించి, తను పైనుంచి తొంగిచూస్తూ అదే రాతిమీద పెట్టించింది. కింద ఉన్నదాన్ని తుడిచి డబ్బాలో వేసింది. ఈ సంగతి మికియెకి చెప్పావంటే ఊరుకోనంది. నేను ఎవరికీ ఏదీ చెప్పనని ఆమెకి తెలుసు.

ఆరో తారీకున పొడిపలక ముప్పై రెండుకి వచ్చింది. ఏడున ముప్పై మూడు. ఎనిమిదిన ముప్పై నాలుగు. డబ్బాలో వేసినదేమో రోజురోజుకీ తగ్గి ముప్పై ఒకటికి దిగింది. నానమ్మ ఆ చెక్కముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నేను మూడుపూటలా తిన్నా ఒళ్లు రాదు. ఇది ఒట్టి గాలి తిని లావెక్కుతోంది" అంది.

తర్వాత చాపలాయనకి ఫోన్ చేసింది. ఇప్పుడొద్దని చెప్పింది. మరెప్పుడని ఆయన అడిగినట్టున్నాడు. "ఇల్లు చెప్పినప్పుడు" అని పెట్టేసింది.

పక్కింటి ఒకుబో గారు తొమ్మిదో తారీకుకల్లా నేల మూయించి చాపలు పరిచేశారు. కొత్త గడ్డి వాసన కంచె దాటి మా మేడదాకా వచ్చేది. ఆయన కంచె దగ్గర నిలబడి, "ఫుసా గారూ, మీ ఆయన ఈత నేర్చుకుని రావాలా ఏంటి?" అన్నారు. ఆ పూట నానమ్మ వంకాయకూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

పదమూడున మికియె పొద్దున్నే వచ్చి, వరండా నుంచి మందసం దాకా దూలాలమీద మూడు మందపాటి చెక్కలు వేసి వంతెన కట్టింది. తాతయ్య ఎక్కి రావడానికి కీరదోసకాయ గుర్రాన్ని, తిరిగి వెళ్లడానికి వంకాయ ఆవును పుల్లల కాళ్లతో దూలంమీదే నిలబెట్టాం. గుడి నుంచి వచ్చిన గురువుగారు భారీ మనిషి. వరండా అంచున ఆగి, ముందు కిందికి, తర్వాత చెక్కలవైపు చూశారు.

"రెండు సిమెంటు బస్తాలు మోసి చూశాయి గురువుగారూ. మీరంతకంటే ఉండరు" అంది మికియె.

వరద వచ్చాక నానమ్మ నవ్వడం అప్పుడే చూశాను. గురువుగారు కూడా నవ్వుతూనే నడిచివెళ్లి కూర్చుని మంత్రం మొదలుపెట్టారు. కిందినుంచి వచ్చే చల్లగాలికి ఆయన వస్త్రం అంచు కదులుతూనే ఉంది. అందరూ వెళ్లాక నానమ్మ చెక్క చివర కూర్చుని, కాళ్లు చూసుకుని నడవమనీ, చీకటిపడితే దూలం పట్టుకోమనీ తాతయ్యకి నెమ్మదిగా చెప్పింది.

ఆ రోజు నుంచి తూకం నానమ్మదే అయిపోయింది. నేను కిందికి దిగి పలక తెచ్చివ్వాలి, ఆమె తూచాలి, ఏదో కాగితంమీద పెన్సిలుతో రాసుకోవాలి. ఆగస్టు చివరికి కింది పలక ముప్పై మూడుకి దిగింది. సెప్టెంబర్‌లో రెండు తుపానులు వరసగా వచ్చాయి. మళ్లీ ముప్పై నాలుగు. ఎండ కాసినా కదల్లేదు. పది రోజులు అదే అంకె.

నాన్న ఒక ఆదివారం మికియెని కూర్చోబెట్టి టీ ఇచ్చి, తన మాట చెప్పాడు. చలికాలం మంచు మీదపడేలోపు ఏదో ఒకటి తేలాలి, అక్టోబర్ ఇరవైకి ఆరకపోతే కాగితం ఇచ్చేస్తానన్నాడు. కోపంగా చెప్పలేదు. మికియె తలూపింది. ఆమె అప్పటికే ఇంటిచుట్టూ ప్రతి గాలిరంధ్రం దగ్గరా పడుకుని వాసన చూసింది, చెమ్మ కొలిచే రెండు సూదుల చిన్న మీటరును ప్రతి దూలానికీ గుచ్చింది. నీళ్లెక్కడినుంచి వస్తున్నాయో దొరకలేదు. మర్నాడు నేల అంచున కూర్చుంది కానీ అన్నంముద్ద విప్పలేదు. తన చేతులవైపే చూసుకుంటోంది.

నాకొక సంగతి తెలుసు. సాయంత్రాలు దూలాల మధ్య నుంచి గూని కీచురాళ్లు పైకొచ్చేవి, తడి ఉన్నచోట బతికే పురుగులు. మొదట్లో ఇల్లంతా ఉండేవి. ఎనిమిది రోజులుగా చూస్తున్నాను, స్నానాలగది గోడ దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. చెప్పాలని ఎనిమిది రోజులూ అనుకున్నాను. అంత పని తెలిసినావిడకి నేను చెప్పేదేమిటని ఊరుకున్నాను. ఆ రోజు ఆమె ముద్ద విప్పకపోవడం చూసి నోరు తెరిచాను.

"కీచురాళ్లన్నీ స్నానాలగది గోడకే వస్తున్నాయి."

ఆమె రెండోసారి అడగలేదు. దీపం కట్టుకుని దిగింది.

స్నానాలగది తాతయ్య ముప్పై ఏళ్ల కిందట వాళ్లమ్మ కోసం స్వయంగా కట్టి ఇంటికి కలిపాడు. దాని అడుగున చుట్టూ కాంక్రీటు పోశాడు కానీ గాలికి ఒక్క కన్నం వదల్లేదు. వరదనీళ్లు పైనుంచి అందులోకి దిగి, రెండు నెలలుగా తొట్టెలో నిలిచినట్టు నిలిచిపోయాయి. ఆ చెమ్మ గోడలోంచి ఇల్లంతా పాకుతోంది. మికియె మరతో గోడకు కన్నం వేస్తే, లోపలినుంచి నల్లనీళ్లు దుంకి ఆమె ముఖంమీదే పడ్డాయట. సాయంత్రం దాకా గొట్టంలోంచి కారుతూనే ఉన్నాయి. పైకి వచ్చేసరికి పళ్లు తప్ప ఏమీ తెల్లగా లేవు. ఆ పళ్లన్నీ బయటపెట్టి నన్ను చూసి నవ్వింది.

నానమ్మ చెక్కలమీద నడుచుకుంటూ వెళ్లి తాతయ్య ఫొటో ముందు నిలబడింది.

"ఇంత కట్టినవాడివి ఒక్క కన్నం పెట్టలేకపోయావా? పెట్టలేదు సరే, బోన్‌కి వచ్చినప్పుడైనా చెప్పొద్దూ?"

ఆ మూల మూడు స్తంభాల పాదాలు మెత్తబడ్డాయి. మికియె ఇంటిని జాకీమీద వేలెడంత ఎత్తి, కుళ్లినంత మేర కోసేసి, గట్టి కలపముక్కల్ని రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు గాట్లు కలిపి అతికింది. తాతయ్య మరిచిపోయిన గాలిరంధ్రాన్ని గోడలో పెట్టి, ఎలుకలు దూరకుండా వల బిగించింది. అక్టోబర్‌లో కొండగాలి మొదలైంది. నేల కింద ఒక వైపునుంచి దూరి ఇంకో వైపునుంచి వెళ్లే ఆ గాలి చప్పుడు మేడమీదికి వినిపించేది. పలక ముప్పై మూడు. ముప్పై రెండున్నర. ముప్పై రెండు.

ఇరవయ్యో తారీకున నాన్న సెలవు పెట్టాడు. సొరుగులోంచి కాగితం తీసి చొక్కా జేబులో పెట్టుకుని కిందికి వచ్చాడు. మికియె చేతులు కడుక్కుని గోడవారగా నిలబడింది. నేను పలక తెచ్చాను. నానమ్మ త్రాసుమీద పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని వంగింది.

ముప్పై ఒకటి.

మికియె పొడవుగా ఊపిరి వదిలి, ఆరిపోయింది, రేపే పలకలు వేసేద్దామంది.

"ఎక్కడ ఆరింది? ఒక గ్రాముంది" అంది నానమ్మ.

"పెద్దమ్మా, నేల కింద ఎప్పుడూ ఆపాటి ఉంటుంది. బిళ్లల డబ్బాకీ నేలకీ తేడా ఉండదా?"

"రెండూ ఒకే బరువుండాలని ఎవరన్నారు? నువ్వు కాదూ? మూయడానికి వీల్లేదు."

మికియె మీటరు తెచ్చి దూలాలకి గుచ్చి అంకెలు చూపించింది. నానమ్మ దానివైపు చూడలేదు. ఆ మీటరు సంగతి తనకి తెలియదనీ, త్రాసు సంగతి తెలుసుననీ అంది. మికియె నా వైపు తిరిగింది. ఇరవై ఏళ్లకు పైగా మూయొద్దు మూయొద్దని జనాన్ని బతిమాలుతున్నాను, మూద్దామని బతిమాలడం ఇదే మొదలు అంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు సరిగ్గా తెలియలేదు.

నాన్న జేబులోంచి కాగితం తీశాడు. చింపేద్దామనుకున్నాడో ఏమో, మడత విప్పి, వెనక్కి తిప్పి, ఆగిపోయాడు. వెనకవైపంతా పెన్సిలు రాత. ఆగస్టు అయిదు నుంచి నిన్నటిదాకా తేదీలు, పక్కన గ్రాములు. ఖాళీ చాలక అంచుల్లో నిలువుగా కూడా రాసి ఉంది.

"అమ్మా, ఇదేంటి?"

"కాగితం కనబడకపోతే సొరుగులోది తీసుకున్నాను."

"ఇది ఆఫీసులో ఇవ్వాల్సింది."

"ఇస్తే ఇవ్వు. వాళ్లూ చదువుకుంటారు" అంది నానమ్మ.

నాన్న ఇవ్వలేదు. వంటింటి స్తంభానికి మేకు కొట్టి తగిలించాడు.

ఆ ఒక్క గ్రాము కోసం ఇంకో నాలుగు రోజులు ఆగాం. దిగలేదు. మికియె, డబ్బాలో ముప్పైకి దిగి ఉన్న పలకను ఒక పగలంతా వంటింట్లో బయట పెట్టించింది. సాయంత్రానికి అదీ ముప్పై ఒకటైంది. మనుషులు తిరిగే చోట గాలి అంతే ఉంటుందని నానమ్మకి అప్పుడు ఒప్పుదల అయింది. మర్నాడు మట్టిని చదును చేసి, దాని మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచాం. ఒక పట్టా అంచుమీద ఇంకోటి మూరెడు ఎక్కేలా వేసి, అతుకులకు టేపు అంటించి, గోడల దగ్గర జానెడు పైకి మడిచి, మట్టిలో చెమ్మ పైకి రాకుండా కట్టేశాం. గాలిరంధ్రాలు మాత్రం తెరిచే ఉంచాం. సుద్ద అంకెల ప్రకారం పలకలన్నీ ఎక్కడివి అక్కడ కూర్చున్నాయి. మందసం ముందు ఒక్క పలకకు నానమ్మ మేకు కొట్టనివ్వలేదు. తాడు కట్టిన చెక్కముక్క దాని కింద రాతిమీద ఉంది. నెలకోసారి పైకి లాగి తూస్తుందట.

చాపలాయన వచ్చి పరిచివెళ్లిన సాయంత్రం చేమదుంపల పులుసు కాచుకుని, ఆ కొత్త చాపలమీద నలుగురం కూర్చుని తాగాం. మికియె చాపమీద కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. కాళ్లెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఇబ్బందిపడింది.

గిన్నెలు ఖాళీ కాకముందే ఒకుబో గారు వచ్చారు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డారు. తమ మందసం గదిలో చాపల అడుగున పచ్చగా ఏదో పట్టిందని, తుడిస్తే మళ్లీ వస్తోందని నేలచూపులు చూస్తూ చెప్పారు. ఈత సంగతి నానమ్మ ఎత్తుతుందేమోనని భయపడ్డాను. ఎత్తలేదు. ఇంకా మూడు నెలలే అయింది, స్తంభాలకేమీ కాలేదులే అంది. మికియె అప్పటికే చెప్పులేసుకుని వాళ్ల పెరట్లోకి వెళ్లి పడుకుంది.

నానమ్మ లేచి రేకుడబ్బాలోంచి పలక తీసి నా చేతిలో పెట్టింది.

"తీసుకెళ్లు చిహారూ. ఆయన నమ్మడు. త్రాసు కూడా పట్టుకెళ్లు" అంది.